నాకు దక్కని పిలుపు

"అంచెల్లా!" అని నోన్నా పిలిచింది.

నేను వంటింట్లో వంకాయలు కోస్తున్నాను. కత్తి చేతిలోనే ఆగిపోయింది. పిలిచింది నన్ను కాదు. హాల్లో ఇస్త్రీ చేస్తున్న శ్రీలక్ష్మి "వత్తన్నానండి అమ్మగారూ" అంటూ పరిగెత్తింది. ఇటలీ ముసలమ్మకు ఆ "అండి" ఏం అర్థమవుతుందో, ఆ "గారూ" ఏం అర్థమవుతుందో దేవుడికే ఎరుక. కానీ శ్రీలక్ష్మి గదిలోకి అడుగుపెట్టగానే నోన్నా నవ్వింది. ఆ నవ్వు వంటింటి దాకా వినబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ముందే చెప్తున్నాను, నాకు కుళ్ళు ఎక్కువ. మా ఇంట్లోవాళ్ళూ అదే అంటారు. అననీండి. నాది అనుకున్నదాన్ని ఇంకొకరు ముట్టుకుంటే నేను ఊరుకోను, అది చీపురుకట్ట అయినా సరే, మనిషి అయినా సరే. నోన్నా నా మనిషి.

మస్కట్ పక్కన సీబ్‌లో, ఏర్‌పోర్టుకు దగ్గర్లో ఉండేది ఆ విల్లా. పావొలో సార్ గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. ఆయన భార్య కార్లా మేడం. ఆయన తల్లి నోన్నా. నోన్నా అంటే వాళ్ళ భాషలో అవ్వ. వాళ్ళ ఊరి బళ్ళో జీవితమంతా లాటిన్ చెప్పిన పంతులమ్మ ఆమె. ఆ లాటిన్ ఇప్పుడు ఎవరూ మాట్లాడరట గానీ, వాళ్ళ మాటలన్నీ దాంట్లోంచే పుట్టాయట. మనకు సంస్కృతం ఉన్నట్టనుకోండి.

నేను రాయచోటి నుంచి వచ్చి ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా వంట చేస్తున్నాను. వంట పేరే గానీ నోన్నా పనులన్నీ నావే. ఆమె తలకు ఆలివ్ నూనె రాసింది నేను. ఆమె మోకాళ్ళకు కాపడం పెట్టింది నేను. టొమాటోకు తోలు తీయాలని ఆమె, తీస్తే రుచేముంటుందని నేను, రోజూ ఇద్దరికీ యుద్ధమే. ఆమె కర్రతో నేల కొట్టేది, నేను గరిటెతో పొయ్యిగట్టు కొట్టేదాన్ని. అట్లా హాయిగా బతుకుతూ ఉంటే, ఆ చలికాలంలో నోన్నా స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆమెను లేపడానికీ కూర్చోబెట్టడానికీ ఇంకో మనిషి కావాలన్నారు. శ్రీలక్ష్మిని తెచ్చారు.

శ్రీలక్ష్మిది కోనసీమ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కడిగిన ముఖంతో ఉంటుంది. గట్టిగా మాట్లాడదు. నేను అరిచినా "అలాగేనండి అక్కా" అంటుంది. పోట్లాడదామన్నా చోటివ్వని మనిషితో ఎట్లా వేగాలో మీరే చెప్పండి. వచ్చిన వారానికే నోన్నా ఆమెను ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టింది. అంచెల్లా. పిలిచినప్పుడల్లా చివరి అక్షరాన్ని కాస్త సాగదీసేది, ముద్దు చేస్తున్నట్టు. నన్ను మాత్రం నాలుగేళ్ళుగా కాశమ్మా అనే పిలుస్తుంది. ఉట్టి కాశమ్మ. మా అమ్మానాన్న పెట్టిందే, ఆమె కొత్తగా ఇచ్చిందేమీ లేదు.

అదొక్కటే అయితే మింగేసి ఊరుకునేదాన్నేమో. రెండువేల తొమ్మిది ఎండలు ముదిరేసరికి పావొలో సార్ ఇద్దర్నీ హాల్లోకి పిలిచి నిలబెట్టాడు. కంపెనీ ఖర్చులు తగ్గిస్తోందట. విల్లా వదిలేసి చిన్న ఫ్లాట్‌కు మారాలట. పనిమనిషి వీసా ఒక్కటే రెన్యూ చేస్తారట.

"ఎవరు ఉండాలో అమ్మ చెబుతుంది," అన్నాడు సార్. "ఆమెను చూసుకోవాల్సిన మనిషి కదా."

నోన్నా చక్రాల కుర్చీలో కూర్చుని కిటికీ బయటకు చూస్తోంది. మా ఇద్దరి వైపూ తిరగలేదు. శ్రీలక్ష్మి తల దించుకుంది. ఇంక చెప్పేదేముంది, ముద్దుపేరు ఎవరికి పెట్టుకుందో వాళ్ళనే కదా ఉంచుకుంటుంది!

ఆ పేరుకు అర్థమేమిటో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. మా డ్రైవర్ బాషాను పట్టుకున్నాను. అతనిది కడప. ఈ ఇంటికి రాకముందు ఇటలీ వాళ్ళ సైట్‌లో చాలాకాలం ట్రక్కు తోలాడు.

"బాషా, అంచెల్లా అంటే ఏంది?"

"నై మాలూం అక్కా. సైట్లో ఆ మాట ఎప్పుడూ ఇన్లా. బూతులైతే అడుగు, వాళ్ళవన్నీ నాకు నోటికొచ్చు."

"థూ! నేనేం అడుగుతాండా, నువ్వేం చెప్తాండావు."

"బంగారమో, బొమ్మో అయ్యుంటాదిలే అక్కా. మన ఇండ్లల్లో బంగారుతల్లీ అనరా ఏంది."

అసలే మండుతున్నదాన్ని, దాంట్లో కిరసనాయిలు పోశాడు సచ్చినోడు. బంగారుతల్లి అంట!

ఆ శుక్రవారం, అక్కడ సెలవు ఆ రోజే, నోన్నాను రువీలో చర్చికి తీసుకెళ్ళే వంతు నాది. కుర్చీ తోసుకుంటూ వెళ్ళి, ముందు వరసలో ఆపి, పక్కనే కూర్చున్నాను. నాకా ప్రార్థనలు రావు. ఏసీ చల్లగా ఉంటుందని కూర్చుంటాను, నిజం చెప్పాలంటే. నోన్నా కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో గొణుక్కుంటోంది. మధ్యలో వినబడింది ఆ మాట. అంచెల్లా. అది పలికేటప్పుడు ఆమె తల వంచింది, చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

చూశారా, ప్రార్థనలో కూడా శ్రీలక్ష్మే! ఇంట్లో చాలక దేవుడి దగ్గర కూడా దాన్నే తలుచుకుంటోందా అని నాకు ఏడుపొచ్చింది. మా వెనక వరసలో ఒక గోవా ముసలామె ఉంటే, ప్రార్థన అయ్యాక నాకొచ్చిన హిందీలో ఆమెను అడిగాను. ఆమెకు పాత లాటిన్ ప్రార్థనలన్నీ వచ్చునట.

"అది మేరీమాత మాట," అందామె. "దేవదూత దిగి వచ్చి, నువ్వు దేవుడి కొడుకును కంటావని చెప్తే, మేరీమాత తన్ను తాను ఆ మాటతో చెప్పుకుంది."

ఇంకా ఏదో చెప్పబోయింది గానీ నేను వినలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. మేరీమాత పేరా! ఇంటికి వచ్చేదాకా కారులో ఎవరితోనూ మాట్లాడలేదు. నోన్నా రెండుసార్లు "కాశమ్మా, ఏమైంది?" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకేమైందో ఆమెకు తెలియదా ఏం!

సాయంత్రం కార్లా మేడం సలాడ్ తింటూ ఉంటే ఉండబట్టలేక ఆమెనే అడిగేశాను. మేడం ఫోర్కు కింద పెట్టి మరీ నవ్వింది.

"ఆ మాట ఇప్పుడు ఎవరంటారు కాశమ్మా? పాత కవిత్వంలో ఉంటుంది, ప్రార్థనలో ఉంటుంది. పనిమనిషి అని అర్థం, అంతే. దాసి. మా ఊళ్ళో నేను ఎవరినైనా అలా పిలిస్తే, ఈమెకు పిచ్చిపట్టిందంటారు. మా అత్తగారు పుస్తకాల మనిషి, ఆమెకు ఏ మాటైనా చెల్లుతుంది."

దాసి! నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ పూట గిన్నెలు తోముతూ పాట కూడా పాడాను. తోమడం అవ్వగానే తిన్నగా శ్రీలక్ష్మి దగ్గరికి వెళ్ళాను. ఆమె నోన్నా దుప్పట్లు మడతపెడుతోంది.

"ఏమ్మే, నిన్ను ఆ ముసలమ్మ ఏమని పిలుస్తాండాదో తెలుసునా? దాసీ అని. దాన్ని పట్టుకోని నువ్వు మురిసిపోతాండావు."

"అలాగాండి," అంది శ్రీలక్ష్మి. మడతపెట్టడం ఆపలేదు. ఆమెకు కోపం రాలేదు, బాధ కూడా కనబడలేదు. ఇదేం మనిషి! నా సంతోషం అక్కడికక్కడే నీరుగారిపోయింది. పక్కమీద పడుకుని ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. దాసి అయితే ఇద్దరమూ దాసీలమే కదా. మరి ఆ మాట అంత తీయగా దానికొక్కదానికే ఎందుకు ఇవ్వాలి? నేనేం పాపం చేశాను?

మర్నాడు పది గంటలకు నోన్నా కాఫీ తాగే వేళకు, శ్రీలక్ష్మి బట్టలు ఆరేయడానికి మేడ మీదకు వెళ్ళింది. నేను కాఫీ కప్పు నోన్నా ముందు టక్కున పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా నడిచేది ఒక భాష కాదు. సగం ఇంగ్లీషు, పావు ఇటాలియన్, మిగతాది చేతులు. మీకోసం తెలుగులో చెప్తున్నాను.

"నోన్నా, ఆ పిల్లను అంచెల్లా అని ఎందుకు పిలుస్తాండావు? నన్నెందుకు పిలవవు?"

నోన్నా నా ముఖం వైపు చూసింది. ఆమె కళ్ళు ఒక్కసారిగా మెరిశాయి. నా ఏడుపు ఆమెకు పట్టినట్టు లేదు. మాట గురించి ఒకరు అడిగారన్న సంతోషమే కనబడింది. కొడుకూ కోడలూ ఏనాడూ అడిగి ఉండరు. వీపు నిటారుగా పెట్టింది, గొంతు మారింది. బడిపిల్లల ముందు నిలబడ్డట్టే మొదలుపెట్టింది.

"రోమన్ల కాలంలో అది అంకిల్లా. చివరి 'ఇల్లా' అంటే చిన్నది అని, ముద్దు కోసం పెడతారు. అంతకుముందు, ఇంకా పాత రోజుల్లో, అంకులా అనేవాళ్ళు."

"అంటే దాసే కదా?"

"దాసే. సంతలో కొనుక్కునే ఆడపిల్ల. కానీ ఆ మాట పుట్టినప్పుడు దానర్థం వేరు. ఇటు చూడు." ఆమె కాఫీ కప్పును బల్ల మధ్యకు జరిపింది. పళ్ళెంలోంచి ఒక నిమ్మకాయ తీసుకుని, కప్పు చుట్టూ మెల్లగా దొర్లించింది. "మొదటి సగానికి 'చుట్టూ' అని అర్థం. రెండో సగానికి 'తిరిగేది' అని. మనిషి చుట్టూ తిరుగుతూ ఉండేది. అంతే. తర్వాత అది బానిస పేరయింది. ఆ తర్వాత ఒక పల్లెటూరి పిల్ల దేవదూత ముందు ఆ పేరు తనకే పెట్టుకుంది, దాంతో ఆ మాట గుడిలోకి వెళ్ళింది. గుడిలోంచి కవుల దగ్గరికి వెళ్ళింది. సంతలోంచి అంత దూరం నడిచిన మాట ఇంకోటి నాకు తెలియదు."

నిమ్మకాయ కప్పు చుట్టూ తిరుగుతూనే ఉంది. నాకు తొమ్మిదో తరగతి తెలుగు అయ్యవారు గుర్తొచ్చాడు. 'పరి' అంటే ఏమిటో చెప్పలేదని నాచేత గోడకుర్చీ వేయించిన మనిషి. కాళ్ళు వణికేదాకా నిలబెట్టి, ఆనక ఆయనే చెప్పాడు, చుట్టూ అని.

"మాకూ ఉండాది అట్లాంటిది," అన్నాను. "పరిచారిక. పరి అంటే చుట్టూ. చర అంటే తిరగడం."

నోన్నా నిమ్మకాయ వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది.

"మీ చర, మా మాటలో రెండో సగం, రెండూ ఒక్క తల్లి పిల్లలే," అంది. "మా పండితులు ఎప్పుడో తేల్చారు. అక్కచెల్లెళ్ళు కాశమ్మా!"

ఆమె ముఖం వెలిగిపోతోంది. నాలుగేళ్ళలో నా వంట తిన్నప్పుడు కూడా అంత సంబరం చూడలేదు. ఇదే అదును అనుకున్నాను.

"సరే, చుట్టూ తిరిగేదే కదా అంచెల్లా. నాలుగేండ్లు నీ చుట్టూ తిరిగిందెవురు? నేనా, నిన్న మొన్న వచ్చిన ఆ పిల్లా? న్యాయంగా చెప్పు. ఆ పేరు నాది."

నోన్నా నా చెయ్యి వదిలేసింది. కప్పు ఎత్తి ఒక గుక్క తాగింది.

"నీకు కాశమ్మ ఉందిగా," అంది. అంతకన్నా ఒక్క మాట చెప్పలేదు.

అర్థమైంది కదా? నీకు కాశమ్మ చాలు, పొమ్మని. నేను లేచి వంటింట్లోకి వచ్చి తలుపు దభాలున వేశాను. ఆ రోజు పాస్తాలో ఉప్పు వేశానో లేదో నాకే తెలియదు. మేడ మీంచి దిగి వస్తున్న శ్రీలక్ష్మిని హాల్లోంచి నోన్నా ఆ పేరుతో పిలవడం వినబడింది. చివరి అక్షరం ఎప్పటికన్నా ఎక్కువ సాగింది. పాఠం చెప్పిన హుషారులో ఉంది మరి. ఆ హుషారు తెచ్చింది నేను, అనుభవించేది ఆ పిల్ల.

ఇంక నా పని అయిపోయిందని ఆ వారమంతా పెట్టె సర్దుకుంటూనే ఉన్నాను. ఊరికి వెళ్ళి మా వదిన ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో కూడా అనుకున్నాను. పావొలో సార్ మళ్ళీ మమ్మల్ని పిలిచినప్పుడు, నేను కాళ్ళు గట్టిగా నేలకు ఆనించి నిలబడ్డాను. ఏడవకూడదు, అంతే.

"కాశమ్మా, నువ్వు మాతో ఫ్లాట్‌కు వస్తున్నావు," అన్నాడు సార్. "అమ్మ నిన్నే అడిగింది. పోట్లాడే మనిషి లేకపోతే ఆమెకు పొద్దుపోదట. శ్రీలక్ష్మీ, సలాలాలో మా స్నేహితుల ఇంట్లో నీకు పని కుదిర్చాం. నీ వీసా వాళ్ళే చూసుకుంటారు."

నా చెవులను నేనే నమ్మలేదు. నోన్నా వైపు చూశాను. ఆమె తన గోళ్ళు చూసుకుంటోంది. గెలిచాను! పరిగెత్తుకెళ్ళి వంటింట్లో పొయ్యికి దండం పెట్టాను. సంతోషం ఎంతసేపు ఉంది? బాషా వచ్చి, "సలాలా అంటే జన్నత్ అక్కా! మనం ఈడ ఎండకి మాడతా ఉంటే ఆడ వాన. కొబ్బరిచెట్లు, అరటితోటలు. శ్రీలక్ష్మి నసీబు మంచిది," అనేదాకా. కోనసీమ దానికి ఈ ఎడారిలో కూడా కోనసీమే దొరికిందన్నమాట. నాకు మటుకు సీబ్ ఎండ, చిన్న ఫ్లాట్!

వెళ్ళే రోజు శ్రీలక్ష్మి పెట్టె సర్దుకుంటుంటే మా గది గుమ్మంలో నిలబడ్డాను. సాయం చేద్దామని కాదు. ఎట్లా పోతుందో చూద్దామని. ఆమె మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. అన్ని నెలల్లో ఆమె కన్నీళ్ళు చూడడం నాకు అదే మొదలు.

"ఏమ్మే, సలాలా పోతా ఏడుస్తాండావు? నీకేం తక్కువాయె. ముద్దుపేరు కూడా నీకే ఇచ్చె."

శ్రీలక్ష్మి తల ఎత్తింది. ఆ కళ్ళల్లో కోపం ఉంది. నా మీదే.

"ముద్దుపేరేంటండి కాశమ్మక్కా," అంది. "వచ్చిన రోజు మూడుసార్లు చెప్పేనండి నా పేరు. అమ్మగారికి నోరు తిరగలేదు. చెయ్యి ఇలా అడ్డంగా ఊపేసి, ఆ మాట పెట్టేసేరు. ఆరోజు నుంచీ ఒక్కసారి కూడా శ్రీలక్ష్మీ అన్లేదండి. మీరేమో మ్మే అంటారు. బాషాగారు చెల్లీ అంటారు. సారు పిలిచింది రెండే సార్లు, రెండోది పంపించేయడానికి. పొద్దుగూకులూ మిమ్మల్ని కాశమ్మా, కాశమ్మా అని అమ్మగారు కేకలేత్తుంటే, నా కడుపు రగిలిపోయేదండి. ఎంత కుళ్ళుకున్నానో మీకేం తెలుసు."

నా మీద కుళ్ళా! ఈ అండి మనిషికి కుళ్ళు కూడా ఉందా! నీకు కాశమ్మ ఉందిగా అని నోన్నా ఎందుకందో అప్పుడు తలకెక్కింది. ఆ పిల్లకు లేనిది నాకుందని కదా ఆమె చెప్పింది. తలకెక్కగానే నాకు నోన్నా మీద కోపం తన్నుకొచ్చింది. సంతలోంచి గుడి దాకా ఒక మాట నడిచిందని అంత గొప్పగా చెప్పిన పంతులమ్మ, ఎదురుగా ఉన్న మనిషి పేరు దగ్గరికి ఒక్క అడుగు వేయలేకపోయిందా!

బాషా హారన్ కొట్టాడు. రువీలో సలాలా బస్సు ఎక్కించాలి. శ్రీలక్ష్మి ముఖం తుడుచుకుని, నోన్నా గదిలోకి వెళ్ళి నమస్కారం పెట్టి, పెట్టె తీసుకుని కారెక్కింది. నేను నోన్నా కుర్చీని గేటు దాకా తోసుకొచ్చాను. నోన్నా చెయ్యి ఎత్తింది.

"అంచెల్లా!" అంది, చివరి అక్షరం సాగదీస్తూ.

"ఆ పిల్లకు పేరుండాది," అన్నాను. గొంతు నాకే గట్టిగా వినబడింది. "శ్రీలక్ష్మి. చెప్పు."

నోన్నా నా వైపు తిరిగి చూసింది.

"అట్లా చూడొద్దు. లోకంలోని మాటలన్నీ తెలుసంటివే. ఇదొక్కటి రాదా? శ్రీ. లక్ష్మి. నేను ఈ గేటు దగ్గర్నుంచి కదిలేదే లేదు."

కారు కదలబోతూ ఆగింది. నోన్నా పెదాలు కదిపింది. "సిరి," అంది. తల అడ్డంగా ఊపుకుంది. "సిరీ... లక్..." అక్కడ ఆగిపోయింది. కర్రతో నేల కొట్టింది, తన మీద తనకే కోపం వచ్చినట్టు. నేను ఇంకోసారి నెమ్మదిగా చెప్పాను. ఆమె నా నోటి వైపే చూస్తూ, నేను కదిపినట్టే నాలుక కదిపింది. ఎండకు నుదుటి మీద చెమట కారుతోంది.

"శ్రీలక్ష్మి," అంది నోన్నా.

కారు తలుపు తెరుచుకుంది. శ్రీలక్ష్మి పరిగెత్తుకొచ్చి, ఆమె మోకాళ్ళ మీద ముఖం పెట్టుకుంది. నోన్నా ఆ పిల్ల తల నిమురుతూ మళ్ళీ అంది ఆ పేరు. మళ్ళీ అంది. ఎక్కడ తప్పుతుందోనని ఒక్కో అక్షరం పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, ఎంత అపురూపంగా అందో! నా పేరు ఏనాడైనా అంత కష్టపడి పలికిందా? ఎందుకు పలుకుతుంది, నాది తేలికైన పేరాయె.

"చాల్లే, బస్సుకు టైమవుతాంది," అని నేను నోన్నా కుర్చీని ఇంట్లోకి తిప్పేశాను.